భుజం పట్టేసిన రోజు

నాకు నోరెక్కువ. ఈ మాట మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. మా ఇంట్లో కొత్త దుప్పటి కొంటే సాయంత్రానికల్లా చివరింటివాళ్ళకి దాని అంచు రంగు కూడా తెలిసిపోతుంది. అలాంటి నేను ఒక రోజంతా మా ఆడపడుచు పక్కనే తిరుగుతూ, అంత పెద్ద మాట కడుపులో పెట్టుకుని, కిక్కురుమనకుండా ఉన్నాను. ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటి సంగతే ఇప్పుడు చెప్పబోయేది. ఇన్నాళ్ళకి ఎందుకు నోరు విప్పానంటారా, సినిమా పార్కులో ఆ ఆట ఎత్తేసి అక్కడ ఇంకోటి పెట్టారు. ఇక చెప్పుకోవచ్చని అక్కడి స్టంటు మాస్టరుగారే అన్నారు.

మా అమ్మాయిని ఇంట్లో పిడుగు అంటాం. నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ముందుగదిలో మిషను, కత్తిరింపు బల్ల, గోడవారగా బీరువా. కుట్టిన బట్టలు కుప్పగా పోసి నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళితే చాలు, ఇది బీరువా ఎక్కి ఆ కుప్ప మీదికి దూకేది. అదీ మామూలుగా కాదు, గాల్లో ఒక పల్టీ కొట్టి. నేను తిట్టేదాన్ని, గుండీలు లెక్కపెట్టుకునేదాన్ని, మళ్ళీ ఇస్త్రీ చేసుకునేదాన్ని. డిగ్రీ అయ్యాక ఆ పిల్ల సినిమా పార్కులో ఉద్యోగం వచ్చిందంటే, ఏదో కంప్యూటరు ముందు కూర్చునే పని అనుకున్నాను.

సినిమా పార్కంటే తెలిసిందే కదా. సినిమాల కోసం కట్టిన వీధులూ కోటలూ జనానికి చూపిస్తారు, వాటి మధ్యలో తిరిగే రథాలూ ఊగే పడవలూ పెడతారు. మధ్యాహ్నం పూట గ్యాలరీలో కూర్చోబెట్టి ఒక ఫైటింగు ఆట ఆడతారు. ఆ ఆట కోసమే పిల్లలు ఇంట్లో పేచీ పెట్టి మరీ వస్తారు. అందులో హీరో పేరు మెరుపు. పిల్లలకి అతను నిజంగా మెరుపే. అతని బొమ్మ వేసిన చొక్కాలు నేనే ఎన్ని చూశానో.

ఒక సాయంత్రం పిడుగు సంచిలోంచి ఒక నల్లకోటు తీసి నా మిషను మీద పడేసింది.

"అమ్మా, దీనికి గట్టి భుజాలు పెట్టాలి."

"ఎవరిదే ఇది?"

"నాదే."

"నీదా? ఇందులో నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు."

అప్పుడు తలుపేసి వచ్చి చెప్పింది. మెరుపు గడియారపు బురుజు మీంచి దూకుతాడు చూశారూ, ఆ దూకేది మెరుపు కాదు. మా పిడుగు. ఆ బురుజు పైకిటికీ ఇరుకు. ముందు దూకినాయన వెళ్ళిపోయాక, అందులోంచి పల్టీ కొడుతూ బయటికి రావడం మిగతా మగపిల్లల వల్ల కాలేదట. ఇది వెళ్ళి మొదటిసారే వచ్చేసిందట. హీరో కోటు, హీరో జుట్టు పెట్టి దీన్ని హీరోని చేశారు. ఒళ్ళయితే దాచగలరు గాని భుజాలెక్కడివి దీనికి? అక్కడి దర్జీ ఏవో దిండ్లు అతికించాడట. గాల్లో పల్టీ కొట్టేసరికి ఒక భుజం జారి పొట్ట మీదికి, ఇంకోటి వీపు మీదికి పోతున్నాయట.

"జనం ముందు వచ్చే ఆదివారమే మొదటిసారి దూకేది. అది బాగా జరిగితే పర్మనెంటు చేస్తారు. మెళ్ళో గుర్తింపు కార్డుకి పసుపు పట్టీ తీసి నీలం పట్టీ ఇస్తారు. కానీ అమ్మా, ఎవరికీ చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు? దొంగతనమా?"

"పిల్లలకి మెరుపు ఒక్కడే. ఇద్దరని తెలిస్తే ఆటే లేదు. నాకంటే ముందు దూకినాయన సంగతి తెలుసా? వాళ్ళ బావమరిది గ్యాలరీలో లేచి నిలబడి, 'అది మా బావరా!' అని ఈల వేశాడు. పిల్లలందరూ ఏడుపు. మర్నాడు ఆ బావకి పని లేదు." కోటు నా చేతిలో పెట్టి, నా గడ్డం పట్టుకుంది. "నీ సంగతి నాకు తెలుసు. నాన్నకి కూడా చెప్పకు."

ఒట్టేశాను. ఆయన డ్యూటీ దిగి బస్సు డిపోలో పెట్టి ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు చెప్పేశాను. అదేం చేస్తుంది పాపం, నాన్నకి చెప్పడం లెక్కలోకి రాదులే అని సరిపెట్టుకుంది.

కోటు విప్పి మళ్ళీ కుట్టాను. దూది పొరలు పరిచి, మధ్యన మందపాటి గుడ్డ వేసి, దబ్బనంతో అడ్డంగా నిలువుగా బిగించి, ఆ భుజాన్ని లోపలి అస్తరుకి కాకుండా మెడపట్టీకి కలిపి కుట్టాను. అలా అయితే కిందికి జారదు. పిడుగుకి తొడిగి మంచం మీంచి పల్టీ కొట్టించాను. కదల్లేదు. కానీ మంచం వేరు, మూడంతస్తుల బురుజు వేరు. ఆ వారమంతా నాకు కళ్ళు మూస్తే చాలు, హీరో భుజం పొట్ట మీదికొచ్చి పిల్లలంతా నవ్వుతున్నట్టే కనిపించింది.

ఇదిలా ఉండగా శనివారం మా ఆయన అక్క ఊడిపడింది.

మా వదిన మంచిదే. నేను ఆ మాట ఒప్పుకుంటాను, ఆవిడ లేనప్పుడు. వాళ్ళమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. ఆ విషయం ఆవిడ నోటి వెంట రాని పూట ఉండదు. ఎండగా ఉందంటే మా అమ్మాయి బ్యాంకులో ఏసీ అంటుంది, వానగా ఉందంటే బ్యాంకు కారు పంపిస్తారంటుంది. మేం ఆదివారం సినిమా పార్కుకి వెళుతున్నామని మా ఆయన నోరు జారారు. నన్నంటారు గాని!

"నేనూ వస్తా. మీ పిడుగు అక్కడేదో చేస్తుందటగా. ఏం చేస్తుందే?" అంది వదిన.

"బట్టల గదిలో ఉంటుంది," అన్నాను. అదే చెప్పమంది అమ్మాయి.

"అంటే, బట్టలు మడతపెట్టడమా? డిగ్రీ చదివించి?"

కింద మా ఆయన పాదం నా పాదాన్ని మెల్లగా నొక్కింది. నేను నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి నాకెంత కష్టమైందో నా దవడలకే తెలుసు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. పార్కు గేటే ఒక రాక్షసుడి నోరు. పళ్ళ మధ్యలోంచి టికెట్టు చూపించి లోపలికి వెళ్ళాలి. లోపల ఒక వీధి ఉంది. ఒక పక్క పోలీస్ స్టేషను, ఎదురుగా కోర్టు, పక్కన పెద్ద బంగళా. దర్జాగా ఉన్నాయని వదిన కోర్టు తలుపు తోసి చూసింది. వెనక ఏమీ లేదు. కర్రలు ఆనించి ఉన్నాయి, ఒకాయన కూర్చుని రొట్టెముక్క తింటున్నాడు.

"అంతా పైన పటారమే," అంది వదిన. "నిజం ఉద్యోగం అంటే బ్యాంకు లాంటిది. గోడ వెనక గోడ ఉంటుంది."

నోటిదాకా వచ్చింది. మింగాను. పొద్దున తిన్నదానికంటే ఆ రోజు నేను మింగిన మాటలే ఎక్కువ.

ఒకచోట సగం బస్సు ఉంది. అందులో కూర్చుంటే ఎదురుగా తెర మీద కొండదారి పరుగెడుతుంది, బస్సు ఊగుతుంది. జనమంతా కేకలు పెడుతున్నారు. మా ఆయన మాత్రం డ్రైవరు సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కారు, లేని గేరు మార్చారు. దిగాక చెమట తుడుచుకుని, "రోడ్డు బాలేదు," అన్నారు. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి పుట్టింది. ఒక్క అరగంట కోటు భుజాల సంగతి మర్చిపోయాను.

ఇంకోచోట సినిమాకి గొంతు ఇచ్చే గది. తెర మీద హీరోయిన్ ఏడుస్తుంటే మనం మైకులో ఏడవాలి. వదిన ముందుకెళ్ళి, హీరోయిన్ నోట్లోంచి, "మా అమ్మాయి బ్యాంకులో..." అని మొదలుపెట్టింది. ఒట్టు, నేనేమీ కల్పించడం లేదు. గదంతా గొల్లుమంది. ఆవిడా నవ్వేసింది. అదీ ఆవిడలోని మంచితనం, తన మీద జోకుకి తనే ముందు నవ్వుతుంది.

మధ్యాహ్నం నీడలో కూర్చుని నిమ్మరసం తాగుతుంటే మళ్ళీ ఎత్తుకుంది. "పోనీ, నేను మా అమ్మాయికి చెప్పి మీ పిడుగుకి ఏదైనా చూడమంటాను. ఎన్నాళ్ళని ఇంకొకళ్ళ బట్టలు మడతపెడుతుంది? ఆడపిల్ల తలెత్తుకుని బతకాలి కదే."

ఆవిడ మనసులో చెడు లేదు. నిజంగానే సాయం చేద్దామనే అంది. అందుకే నాకు ఇంకా మండింది. గ్లాసు కింద పెట్టి, "వదినా, మా అమ్మాయి..." అన్నాను.

మా ఆయన నా పాదం మీద కాదు, ఈసారి ఏకంగా మడమ మీద తొక్కారు.

"మా అమ్మాయి... బట్టలు బాగా మడతపెడుతుంది," అన్నాను.

గ్యాలరీలో మాకు మూడో వరసలో చోటు దొరికింది. ఎదురుగా చెక్కవంతెన, గుర్రాల కొట్టం, వాటి వెనక గడియారపు బురుజు. బురుజు కింద గడ్డిబండి. గడ్డి లోపల గాలిపరుపు ఉంటుందని, దూకిన మనిషి ఆ పరుపు కింది గుంటలోకి జారిపోతుందని, అవతలి పక్క నుంచి హీరో లేస్తాడని, ఆ గ్యాలరీలో తెలిసింది మా ఇద్దరికే. జనం వెళ్ళిపోయేదాకా ఆ గుంటలోనే కూర్చోవాలి పిడుగు. చప్పట్లు పైనించి వినిపిస్తాయట. తాను బయటికి రాకూడదట.

మెట్ల పక్కన నున్నటి గుండు, మెళ్ళో ఈల ఉన్న ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా అమ్మాయి చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. స్టంటు మాస్టరు.

ఆట మొదలైంది. మెరుపు వచ్చాడు, అందగాడే. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. వదిన వాళ్ళతో సమానంగా అరిచింది. కత్తులు, గుర్రాలు, వంతెన విరగడం, అవన్నీ జరిగాయి, నేను చూడలేదు. నా కళ్ళు ఆ ఇరుకు కిటికీ మీదే ఉన్నాయి. మా ఆయన చూపు తన చెప్పుల మీద ఉంది.

మెరుపు బురుజు లోపలికి పరుగెత్తాడు. పొగ లేచింది. దుండగులు కింద మంట పెట్టారు. వాయిద్యాలు హోరెత్తాయి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. గ్యాలరీలో చంటిపిల్ల కూడా కిక్కురుమనలేదు.

పై కిటికీలో నల్లకోటు కనిపించింది.

ఇంతమందిలో నాకొక్కదానికి తెలుసు ఆ కోటు లోపలి కుట్టు ఏ వైపు తిరిగిందో. నా బిడ్డ కిటికీలోంచి తల ముందుకు పెట్టి, పల్టీ కొడుతూ గాల్లోకి వచ్చేసింది. ఒకటి. ఆకాశంలో తలకిందులుగా నా కూతురు. తల్లినే గాని నా కళ్ళు మాత్రం దర్జీ కళ్ళే, ఏం చేయను, అవి భుజాల మీదికే పోయాయి.

"భుజం! భుజం!" అని అరిచాను.

అంత నిశ్శబ్దంలో నా ఒక్కదాని గొంతు ఖంగుమంది. రెండో పల్టీ తిరిగింది. భుజాలు రెండూ చెక్కినట్టు నిలబడ్డాయి. గడ్డి ఎగిరింది. మనిషి మాయమైంది. ఊపిరి తీసుకునేంతలో బండి అవతల నుంచి మెరుపు లేచి, భుజాల మీద గడ్డి దులుపుకుని, చెయ్యెత్తాడు. గ్యాలరీ పైకప్పు లేచిపోయింది.

నాకు ఆ చప్పట్లు వినపడలేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. మెట్ల దగ్గర మాస్టరు కూడా తిరిగారు. ఆ చూపు నా మీద పడింది, పడి అక్కడే ఉండిపోయింది. అయిపోయింది అనుకున్నాను. వారం రోజులు గుట్టు కాపాడి, నిమ్మరసం దగ్గర కాపాడి, చివరికి నా నోటితో నేనే నా పిల్ల పని ఊడగొట్టాను.

"భుజమేంటే?" అంది వదిన.

"పట్టేసింది వదినా. ఉన్నట్టుండి... ఇదిగో ఇక్కడ."

మాస్టరు మెట్లెక్కి మా వరస దగ్గరికి వచ్చారు. "అరిచింది మీరేనా అమ్మా?"

ఎప్పుడూ ఆడే నోరు అప్పుడే మొరాయించింది. వదిన లేచి నాకు అడ్డంగా నిలబడింది.

"మా మరదలే బాబూ. భుజం పట్టేసి అరిచింది. నొప్పికి వేళాపాళా ఉంటుందా? ఏళ్ళ తరబడి మిషను కుట్టీ కుట్టీ దాని భుజాలు అరిగిపోయాయి. అయినా మీరు పెట్టిన ఆట అలా ఉంది, మాకందరికీ పట్టేసింది."

"కుట్టుపని చేస్తారా?" అన్నారాయన. నన్ను ఒకసారి చూశారు, గడ్డిబండిని ఒకసారి చూశారు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. "భుజాలు గట్టివే అనిపిస్తోంది. జాగ్రత్తమ్మా," అని దిగి వెళ్ళిపోయారు.

అది మెప్పో, హెచ్చరికో నాకు అర్థం కాలేదు. మా ఆయనకీ కాలేదు. ఆయన మొహం చూస్తే, కొండదారిలో నిజంగానే బ్రేకు ఫెయిలైనట్టుంది.

జనమంతా వెళ్ళిపోయారు. మేం గేటు దగ్గర రాతిబల్ల మీద కూర్చుని పిడుగు కోసం చూస్తున్నాం. వదిన సంచిలోంచి నొప్పిమందు డబ్బా తీసి, వద్దంటున్నా వినకుండా, నా వెనక నిలబడి భుజానికి రాయడం మొదలుపెట్టింది. నేను అటు తిరిగి కూర్చున్నాను. భుజం మీద మందు చుర్రుమంటోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మందు వల్ల కాదు. పిడుగు వచ్చి పని పోయిందంటే ఏ మొహం పెట్టుకుని చూడను?

చాలాసేపటికి దూరంగా కనిపించింది. జుట్టు తడిగా ఉంది, మోచేతి మీద చిన్న గీత, చెవి వెనక ఒక గడ్డిపోచ. నడక మాత్రం మామూలుగానే ఉంది. ఆ నడకలో ఏమీ చదవలేకపోయాను. దగ్గరికి వచ్చింది.

మెళ్ళో నీలం పట్టీ.

నేను చూశానని అది చూసింది. మా ఆయన ఎందుకో లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నారు. నా ఒంట్లోకి ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతో పాటు గర్వం కూడా. ఎంత గర్వమంటే, ఆ రాక్షసుడి నోటి దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ నా కూతుర్ని చూపించి చెప్పాలనిపించింది. నాలుక కొస మీదికి వచ్చింది. పళ్ళు బిగించాను.

"ఇప్పుడా వచ్చేది?" అని వదిన పిడుగు మీద పడింది. "ఆ బట్టల గదిలో కూర్చుని ఏం చూశావే నువ్వు! ఆ కుర్రాడు ఎలా దూకాడనుకున్నావు! ఇంత కిటికీలోంచి, ఇలా, ఒకటి కాదు రెండు పల్టీలు! నా జన్మలో అలాంటిది చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, తెలుసా?"

"అవునా అత్తా?" అంది పిడుగు. "అంత బాగా దూకాడా?"

"బాగానా? మా అమ్మాయి బ్యాంకు మొత్తం ఒక ఎత్తు, ఆ దూకుడు ఒక ఎత్తు!"

ఆ మాట వదిన నోటి నుంచి వచ్చింది. నేను చెవులారా విన్నాను. పిడుగు తల వంచుకుని మెళ్ళోని పట్టీ సర్దుకుంది. చెవులు ఎర్రబడ్డాయి దానికి. గుంటలో కూర్చుని విన్న చప్పట్లకంటే ఇది దగ్గరగా వినిపించి ఉంటుంది.

వదిన చెయ్యి నా భుజం మీదే ఉంది. రాస్తూ రాస్తూ ఒక్క క్షణం ఆగింది. గొంతు తగ్గించింది.

"ఆ బిడ్డ ఎవరి బిడ్డో గాని, కన్నతల్లి కడుపు చల్లగుండ. అలాంటి బిడ్డని కని, రోజూ అంత ఎత్తు నుంచి దూకమని పంపిస్తోందంటే, ఆమెది ఎంత గుండె అయ్యుండాలే! ఎదురుపడితే ఆ తల్లికి స్వయంగా నేనే సేవ చేస్తాను."

పిడుగు నా వైపు చూసింది. మా ఆయన నా వైపు చూసి, నా పాదం కోసం తన పాదం జరిపారు. ఆ అవసరం రాలేదు.

"వదినా," అన్నాను, "ఇంకాస్త గట్టిగా రుద్దండి."